తిండి దగ్గర మారాం: పది వారాల పని డైరీ

మొదలుపెట్టే ముందు: మూడు రోజుల లెక్క

పాపకు 26 నెలలు. బరువు 11.4 కిలోలు, ఎత్తు 86 సెంటీమీటర్లు. గ్రోత్ చార్టులో గీత ఏడాది నిండినప్పటి నుంచి ఒకే దారిలో నడుస్తోంది, కిందికి జారలేదు. అన్నిటికంటే ముందు చూడాల్సిన కాగితం అదే. మొదటి ఏడాదిలో పిల్లల బరువు దాదాపు మూడింతలవుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలు. ఆ తర్వాత ఏడాదికి రెండు కిలోల చొప్పునే. ఒళ్లు పెరగడం నెమ్మదిస్తే ఆకలి కూడా నెమ్మదిస్తుంది. పది నెలలప్పుడు గిన్నె ఖాళీ చేసిన పిల్ల రెండేళ్లకు నాలుగు ముద్దలతో లేచిపోతే భయపడాల్సిన పని లేదు. దానికి తోడు ఒకటిన్నర, రెండేళ్ల వయసులో కొత్త తిండంటే బెదురు మొదలవుతుంది. నడక వచ్చి, కనిపించిందల్లా నోట్లో పెట్టుకోగలిగే వయసులోనే ఈ బెదురు రావడం పిల్లలకు రక్షణే. మనకు మాత్రం తలనొప్పి.

"అసలేం తినట్లేదు" అనే మాటతో ఏ పనీ మొదలవ్వదు, అందులో కొలత లేదు. అందుకని ఏమీ మార్చకుండా ముందు మూడు రోజులు రాశాం. రెండు మామూలు రోజులు, ఒక సెలవు రోజు. నోట్‌బుక్కులో ఏడు గడులు: వేళ, పెట్టింది, లోపలికి వెళ్లింది (టేబుల్ స్పూన్లలో), ఎక్కడ కూర్చుంది, ఎవరు పెట్టారు, ఎంతసేపు పట్టింది, మనం ఏమన్నాం. చివరి గడి నింపడానికి చేయి రాదు. కానీ తర్వాత అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే.

మూడు రోజుల సగటు ఇలా తేలింది. పాలు రోజుకు 850 మిల్లీలీటర్లు, ఐదారు విడతల్లో, అందులో రెండు విడతలు నిద్రలో సీసాతో. ఒక తిండికీ ఇంకో తిండికీ మధ్య ఎడం ఎక్కువసార్లు గంట కూడా లేదు: బిస్కెట్టు, రెండు గుక్కల జ్యూస్, సగం అరటిపండు. భోజనం ఒక్కొక్కటీ 50 నిమిషాలకు పైగా, ఫోను ముందు పెట్టి. ఇష్టంగా తినేవి 11 రకాలు, ఒకసారి తిని ఒకసారి వద్దనేవి 12, ఇదివరకు తిని ఇప్పుడు మానేసినవి 9.

ఇప్పుడు పాల లెక్క చూద్దాం. వెన్న తీయని పాలు 100 మిల్లీలీటర్లలో 60 నుంచి 65 కేలరీలుంటాయి. 850 మిల్లీలీటర్లంటే సుమారు 530. ఈ వయసు పిల్లలకు రోజుకు కావాల్సింది అటూఇటుగా వెయ్యి. అంటే సగం కడుపు పాలతోనే నిండిపోతోంది. తినకపోవడం కాదు జరుగుతున్నది, ఆకలయ్యే సందే దొరకట్లేదు. పైగా అన్ని పాలలోనూ ఇనుము అర మిల్లీగ్రాము కూడా ఉండదు, కావాల్సింది రోజుకు 7 మిల్లీగ్రాములు. పాలలోని క్యాల్షియం, కేసిన్ అనే ప్రోటీన్ ఇతర తిండిలోని ఇనుమును కూడా సరిగ్గా ఒంటపట్టనివ్వవు. ఇనుము తగ్గితే ఆకలి మందగిస్తుంది. ఆకలి మందగిస్తే మళ్లీ పాలే పడతాం. ఈ చక్రాన్ని పాల దగ్గర తప్ప ఇంకెక్కడా తెంచలేం.

డాక్టరు దగ్గర అడిగి చూపించుకున్నవి: నోరు, పళ్లు, టాన్సిల్స్, మలబద్ధకం, రక్తపరీక్ష. హిమోగ్లోబిన్ 11.2. ఈ వయసులో 11 కంటే తగ్గితే రక్తహీనత అంటారు, కాబట్టి గీత మీదే ఉంది. ఫెరిటిన్ (ఒంట్లో నిల్వ ఉన్న ఇనుమును చెప్పే అంకె) 14, అదీ అంచునే. మూడు రోజులకోసారి గట్టిగా విరేచనం. కడుపు కదలని పిల్లకు ఆకలెలా వేస్తుంది? తిండి పద్ధతులన్నీ పక్కనపెట్టి ముందు దీనికి మందు తీసుకున్నాం. ఐరన్ చుక్కలు డాక్టరు బరువును బట్టి లెక్కగట్టి రాసిచ్చినంతే. ఆ సీసా పిల్లలకు అందని అరలో ఉండాలి, ఎక్కువ మోతాదు ఒంట్లోకి వెళితే ప్రాణం మీదకు వస్తుంది.

1వ వారం: వేళలు, పాలు

వేళలు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాం. 7:30 పొద్దుటి తిండి, 10:15 చిరుతిండి, 1:00 భోజనం, 4:00 చిరుతిండి, 7:00 రాత్రి భోజనం. మధ్యలో రెండున్నర, మూడు గంటల ఎడం. ఆ ఎడంలో మంచినీళ్లు ఎన్నైనా తాగొచ్చు, ఇంకేమీ ఉండదు. భోజనానికి 25 నిమిషాలు, చిరుతిండికి 15.

పని విభజన కూడా అదే కాగితం మీద రాశాం. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి: ఇవి పెద్దవాళ్లవి. తినాలా వద్దా, ఎంత తినాలి: ఇవి పాపవి. ఈ విభజనను అమెరికా డైటీషియన్ ఎలిన్ శాటర్ 1980ల్లో ముందుకు తెచ్చారు. చెప్పడానికి రెండు వాక్యాలే గానీ, చేతి చెంచాను ఆపుకోవడం పెద్దవాళ్లకు నిజంగా కష్టం. ఈ వారం ఎక్కువగా తడబడింది పాప కాదు.

పాలు ఒక్కసారిగా కోయలేదు. మూడు రోజులకో మెట్టు: 850 నుంచి 700, అక్కడి నుంచి 550, ఆ తర్వాత 400. పగలు సీసా తీసేసి మామూలు గ్లాసులో, అదీ భోజనంతో పాటు లేదా చిరుతిండితో పాటు మాత్రమే. రాత్రి సీసాలో రెండు రాత్రులకోసారి 30 మిల్లీలీటర్లు తగ్గిస్తూ పోయాం. అది 60కి వచ్చాక సీసా బదులు గ్లాసులో నీళ్లు. నిద్రలో పాల సీసా పళ్లను కూడా పాడుచేస్తుంది, అందుకే దాన్ని మిగిల్చే ఆలోచనే పెట్టుకోలేదు. జ్యూస్ పూర్తిగా ఆపేశాం. ఒకటి నుంచి మూడేళ్ల వాళ్లకు రోజుకు 120 మిల్లీలీటర్లు దాటకూడదంటారు, కానీ ఆకలి మీద పనిచేసేటప్పుడు అదీ అడ్డమే.

మూడో రోజు పదకొండున్నరకు బాగా ఏడ్చింది. ఇంట్లో ఒకరు జాలిపడి రెండు బిస్కెట్లు, కాస్త జ్యూస్ ఇచ్చారు. ఒంటిగంటకు పళ్లెం ముట్టలేదు. లెక్క వేస్తే కారణం తెలుస్తుంది: రెండు బిస్కెట్లు, 100 మిల్లీలీటర్ల జ్యూస్ కలిపి సుమారు 130 కేలరీలు. ఈ వయసు పిల్లల భోజనమే 250 కేలరీల పైమాట. అంటే సగం భోజనం గంటన్నర ముందే అయిపోయింది. ఇక్కడ ఎవరినీ తప్పుపట్టి లాభం లేదు. ఆ లెక్కను ఇంట్లో అందరికీ కాగితం మీద చూపిస్తే చాలు, మాట కంటే అదే బాగా పనిచేసింది. ఏడుపు వస్తే నీళ్లు, ఎత్తుకోవడం, బాల్కనీలోకి తీసుకెళ్లడం. చాలాసార్లు ఆ ఏడుపు ఆకలి కాదు, విసుగు.

వారాంతానికి పాలు 550. రాత్రి భోజనంలో మొదటిసారి చేత్తో తానే తీసుకుని తిన్న పదార్థాలు రెండు.

2వ వారం: కుర్చీ, పళ్లెం, మాట

కుర్చీ సంగతి చాలామంది పట్టించుకోరు. పాదాలు గాల్లో వేలాడుతుంటే పిల్లలు ఒళ్లు నిలబెట్టుకోవడానికే కష్టపడతారు. కదులుతారు, జారుతారు, దిగిపోతామంటారు. దాన్ని మనం "తినడానికి మారాం" అని రాసుకుంటాం. మీరు ఎత్తు స్టూలు మీద పాదాలు ఆన్చకుండా కూర్చుని పావుగంట తిని చూడండి, తెలుస్తుంది.

సరిచేసింది ఇలా. కింద 22 సెంటీమీటర్ల చెక్క పెట్టె, పాదాలు రెండూ పూర్తిగా ఆనేలా. వీపు వెనక గట్టిగా చుట్టిన తువ్వాలు. మోకాలి వెనక భాగానికీ కుర్చీ అంచుకూ మధ్య రెండు వేళ్ల ఎడం. బల్ల ఎత్తు మోచేతికి సమంగా. తుంటి, మోకాలు, చీలమండ మూడూ ఇంచుమించు లంబకోణంలో ఉండాలి. పెట్టె మొదట్లో జారింది, కింద రబ్బరు షీటు అంటించాక నిలిచింది. కూర్చునే సమయం ఆ రోజే 6 నిమిషాల నుంచి 14కు పెరిగింది.

ఫోను తీసేశాం, మెల్లగా కాదు, ఒకేసారి. మూడు రోజులు గొడవ జరిగింది, నాలుగో రోజుకు అడగడం తగ్గింది. తెర చూస్తూ తినే పిల్లకు నోట్లో ఏముందో తెలియదు, కడుపు నిండిందనీ తెలియదు. మొదటి రోజుల్లో తిండి పరిమాణం తగ్గుతుంది. అది చూసి మళ్లీ ఫోను పెడితే, గట్టిగా ఏడిస్తే ఫోను వస్తుందని నేర్పినట్టే.

పళ్లెంలో మూడే రకాలు. ఒకటి తప్పకుండా తినేది, ఒకటి అప్పుడప్పుడు తినేది, ఒకటి గురి పెట్టుకున్నది. పరిమాణానికి మోటు కొలత: వయసులో ఒక్కో ఏడాదికి ఒక టేబుల్ స్పూను, అంటే పాపకు ఒక్కో రకం రెండు టేబుల్ స్పూన్లు. గురి పెట్టుకున్నది మాత్రం బటాణీ గింజంత. పళ్లెం నిండా కొత్తది కుప్ప పోస్తే చూసిన క్షణమే తల తిప్పేస్తుంది, ఆ పూట అక్కడితో ముగిసింది. తెలిసినది అయిపోతే అడిగినంత మళ్లీ పెట్టాం, కొత్తది తింటేనే అనే షరతు లేకుండా.

ఇక మాటలు. మూడు రోజుల నోట్‌బుక్కులో ఒక్క భోజనంలో "ఇంకొక్క ముద్ద" 19 సార్లు. 2006లో బడికి వెళ్లని వయసు పిల్లలకు సూప్ పెట్టి చూసిన ఒక పరిశోధనలో, "సూప్ తినేయండి" అని పదే పదే చెప్పినప్పుడు పిల్లలు తక్కువ తిన్నారు, సూప్ బాలేదని ఎక్కువసార్లు అన్నారు. మన నోట్‌బుక్కు కూడా అదే చెప్పింది: "ఇంకొక్క ముద్ద" ఎక్కువైన పూటల్లోనే పెదవులు బిగించడం, బుగ్గన పెట్టుకోవడం ఎక్కువ.

ఆపేసిన మాటలు: "ఇంకొక్క ముద్ద", "ఇది తింటే చాక్లెట్", "పక్కింటి పాప చూడు ఎంత బాగా తింటోందో", "తినకపోతే అమ్మ ఏడుస్తుంది". రెండోది అన్నిటికంటే చేటు. లంచంగా ఇచ్చిన తీపి ఇంకా తియ్యనవుతుంది, దానికోసం మింగాల్సిన కూర ఇంకా చేదవుతుంది. వాటి బదులు అన్నవి: "ఇది క్యారెట్. మెత్తగా ఉంది." "వద్దా? సరేనమ్మా, అక్కడే ఉండనీ." "కడుపు నిండితే చెప్పు, దించుతాను." ఇంతకంటే ఏమీ అనాల్సిన పని లేదు, మాట్లాడాలనిపిస్తే కాకి గురించో పిల్లి గురించో మాట్లాడుకోవచ్చు.

3 నుంచి 6వ వారం: క్యారెట్

గురి ఒక్కటే ఉండాలి. నాలుగు కూరగాయలు ఒకేసారి మొదలుపెడితే దేనికెన్ని సార్లు అయిందో లెక్క తప్పుతుంది. క్యారెట్‌ను ఎంచుకోవడానికి కారణం: తియ్యదనం ఉంది, చేదు లేదు, చేత్తో పట్టుకోవచ్చు. చేదును బలంగా పట్టే నాలుక కొందరు పిల్లలకు పుట్టుకతోనే వస్తుంది, టీఏఎస్2ఆర్38 అనే జన్యువులోని తేడాల వల్ల. అలాంటి వాళ్లకు క్యాబేజీ జాతి కూరలతో మొదలుపెట్టడం మనమే ఓడిపోయే ఆట ఎంచుకున్నట్టు.

కోత: 6 సెంటీమీటర్ల పొడవు, సెంటీమీటరు మందం. ఆవిరి మీద 10 నుంచి 12 నిమిషాలు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే నలగాలి. నలగకపోతే ఇంకో రెండు నిమిషాలు. పచ్చి క్యారెట్ ముక్క ఈ వయసులో గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, దాన్ని పెట్టలేదు. నాలుగేళ్లలోపు పెట్టకూడనివి ఇంకా ఉన్నాయి: జీడిపప్పు, వేరుశనగ లాంటి గట్టి గింజలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసే పెట్టాలి.

లెక్కలో రెండు గడులు పెట్టుకున్నాం: "చూసింది", "నాలుకకు తగిలింది". ఈ రెండూ వేరు. పిల్లల తిండి అలవాట్లపై పరిశోధించిన లీన్ బర్చ్ 1982లో రెండేళ్ల పిల్లలకు కొత్త తిండి రకరకాల సార్లు రుచి చూపించి, ఎక్కువసార్లు రుచి చూసినదాన్నే ఎక్కువగా ఇష్టపడ్డారని చూపించారు. 1987లో మరో అడుగు: కేవలం చూస్తే చూపుకే అలవాటవుతుంది, రుచి నచ్చాలంటే నాలుకకు తగలాల్సిందే. అందుకే "పదిసార్లు పెట్టాం, తినలేదు" అన్నప్పుడు పదిసార్లు పళ్లెంలో ఉండడమా, పదిసార్లు నాలుక మీద పడడమా అని అడగాలి. చాలా ఇళ్లలో మూడోసారి నుంచే ఆ వస్తువు పళ్లెంలోంచి మాయమైపోతుంది.

క్యారెట్ వరుస ఇలా నడిచింది. 1: చూడగానే పళ్లెం తోసేసింది. పక్కన చిన్న గిన్నె పెట్టి "వద్దనుకుంటే ఇందులో వెయ్యి" అన్నాం. 2, 3: వేలితో పట్టి గిన్నెలో వేసింది. ఇది ఓటమి కాదు, మొదటిసారి ముట్టుకుంది. 4: అలాగే పళ్లెంలో వదిలేసింది. 5: ముక్కుకు దగ్గరగా పెట్టుకుంది. 6: పెదవికి ఆన్చి దించింది.

ఇక్కడ పొరపాటు జరిగింది. ఆరోసారి చూసి బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఏడోసారి, ఎనిమిదోసారి అసలు ముట్టుకోలేదు, మన ముఖాలు చూస్తూ కూర్చుంది. చప్పట్లు కూడా ఒత్తిడే. తను చేసే పని మనకు ఎంత కావాలో చప్పట్లతో తెలిసిపోతుంది, ఆ తర్వాత అది తిండి కాదు, ఆట. మామూలు ముఖంతో మన పళ్లెంలోది మనం తింటూ ఉండడం తొమ్మిదోసారికి ఫలితమిచ్చింది: నాకింది. 10: నాకింది. 11: కొరికి, నమిలి, బయటికి తీసి గిన్నెలో పెట్టింది. నోట్లో పెట్టుకున్నది తీసేయొచ్చని తెలిస్తేనే పెట్టుకునే ధైర్యం వస్తుంది. పేపర్ నాప్‌కిన్‌లోకి ఎలా తియ్యాలో చూపించాం. ఉమ్మితే కసిరితే ఈ మెట్టు కూలిపోతుంది.

13వ సారి మరో దెబ్బ. ఎవరికీ చెప్పకుండా ఉడికిన క్యారెట్ ముద్ద రెండు చెంచాలు, పాప రోజూ తినే మెత్తని బంగాళదుంపలో కలిపారు. రంగు చూసి ఆపేసింది, ఒక్క చెంచా నోట్లోకి వెళ్లాక ఊసేసింది. ఆరు రోజులు బంగాళదుంప ముట్టలేదు. దొంగతనంగా కలిపిన కూర పోషణగా లోపలికి వెళ్లొచ్చు, దొరికిపోతే ఉన్న పదకొండు రకాల్లోంచి ఒకటి పోతుంది. తక్కువ రకాలు తినే పిల్లల విషయంలో అంత ఖరీదైన జూదం ఇంకోటి లేదు. కలపాలంటే చెప్పి, కళ్ల ముందే కలపాలి, చిటికెడుతో మొదలుపెట్టాలి, కలపనిది కూడా పక్కనే ఉండాలి.

17వ సారి మింగింది. పెద్ద విశేషమేమీ కనిపించలేదు. వేరే ఏదో చూస్తూ ముక్క చివర కొరికింది, నమిలింది, ఇంకో ముక్క తీసుకుంది. ఆ పూట ఎవరూ ఏమీ అనలేదు.

5వ వారం: గొలుసు

క్యారెట్ నడుస్తుండగానే రెండో పని, తినేదాని నుంచి తిననిదానికి మెట్లు వేయడం. ఒకసారికి ఒక్క లక్షణమే మార్చాలి: ఆకారమో, రంగో, కరకరో, రుచో. పాప తినేది వేయించిన బంగాళదుంప పుల్లలు. మెట్లు: వేయించినవి, తర్వాత అదే కోతలో ఓవెన్‌లో కాల్చినవి, తర్వాత కాల్చిన చిలగడదుంప, తర్వాత ఆవిరి పట్టి అదే కోతలో కాల్చిన క్యారెట్. ఒక్కో మెట్టు దగ్గర నాలుగైదు రోజులు. చిలగడదుంప దగ్గర రెండు రోజులు ఆగిపోయింది. కారణం తియ్యదనం కాదు, మెత్తదనం. సన్నగా కోసి 200 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఎక్కువ ఉంచాక తీసుకుంది.

ఒకే వస్తువును రోజూ ఒకే రూపంలో పెడితే ఒకరోజు హఠాత్తుగా మానేస్తారు, మళ్లీ చాలాకాలం తినరు. మానేసిన 9 రకాల్లో కనీసం మూడు అలా పోయినవే. అందుకని ఇష్టమైనదైనా వరుసగా రెండు రోజులు అదే రూపంలో పెట్టకూడదని నియమం. బ్రెడ్ అయితే ఒకరోజు చతురస్రంగా, ఒకరోజు పొడవు పుల్లలుగా, ఒకరోజు కాల్చి.

ఇనుము గురించి: గుడ్డు ఒకటిలో సుమారు ఒక మిల్లీగ్రాము, ఉడికిన మసూరపప్పు రెండు టేబుల్ స్పూన్లలో కూడా ఇంచుమించు అంతే. అదే భోజనంలో విటమిన్ సి ఉన్న పండు ముక్క ఉంటే పప్పులోని ఇనుము బాగా ఒంటపడుతుంది. కమలా తొన చాలు. పాల గ్లాసును ఆ భోజనం నుంచి తీసి చిరుతిండికి జరిపాం.

7వ వారం: జలుబు, దవడ పళ్లు

జ్వరం, ముక్కు కారడం, దానికి తోడు వెనక దవడ పళ్లు. రెండో దవడ పళ్లు 23 నుంచి 33 నెలల మధ్య వస్తాయి, మారాం ముదిరే వయసు కూడా సరిగ్గా అదే. కొరకడం మానేసి, చల్లగా మెత్తగా ఉన్నవే తీసుకుంది. గురి పెట్టుకున్న వస్తువును పళ్లెంలోంచి తీసేశాం. ఒంట్లో బాలేనప్పుడు తిన్న కొత్త తిండికి ఆ వికారం అంటుకుపోతుంది, బాగయ్యాక కూడా దాన్ని దగ్గరికి రానివ్వరు. ద్రవాలు, పెరుగు, అరటిపండు, ఇష్టమైనవి. వేళలు మాత్రం వదల్లేదు, వేళల మధ్య నీళ్లు ఎక్కువ చేశాం. పాలు 600 దాకా పెరిగాయి. జ్వరం తగ్గిన మూడో రోజు నుంచి మళ్లీ 400కు దించాం. ఈ దించడం మరిచిపోతే మొదటి వారంలో చేసిందంతా పోతుంది.

ఓకరింత గురించి ఒక మాట, ఎందుకంటే ఈ వారం ఎక్కువైంది. ఓకరించేటప్పుడు చప్పుడు వస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, నాలుక బయటికి వస్తుంది, దగ్గుతారు. అది నోరు తనను తాను కాపాడుకోవడం. వేలు పెట్టి తియ్యబోకండి, లోపలికి పోతుంది. గొంతుకు అడ్డం పడితే చప్పుడు ఉండదు, ఏడవలేరు, దగ్గలేరు, పెదవులు నీలమవుతాయి. అప్పుడు క్షణం ఆగకూడదు. పిల్లల ప్రథమ చికిత్స ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. తినేటప్పుడు పక్కన పెద్దవాళ్లు కూర్చునే ఉండాలి, పరిగెత్తుతూ తినడం ఉండకూడదు.

8, 9 వారాలు: పళ్లెం బయట

తినాల్సిన అవసరం లేని చోట తిండిని ముట్టుకోవడం. బీన్స్ కడగడం, తుంచడం, గిన్నెలో వెయ్యడం. బటాణీలు ఒలవడం. ఉడికిన గుడ్డు పెంకు తియ్యడం. పావుగంట చాలు, భోజనానికి ముందు వద్దు, అలసిపోతుంది. నోట్‌బుక్కులో ఇవి "చూసింది" గడిలోకే వెళతాయి. గుడ్డు పెంకు మూడోరోజు తీస్తూ తెల్లసొన ముక్క నోట్లో వేసుకుంది, ఎవరూ పెట్టకుండానే.

చేతికి జిగురు తగిలితే వెంటనే తుడిపించుకోవడం గమనించాం. ఇలాంటి పిల్లలకు చేతికి ముందు చెంచా ఇవ్వాలి, తడిగుడ్డ పక్కనే ఉండాలి. ప్రతి ముద్దకీ మూతి తుడవడం మాత్రం మానెయ్యాలి. ఆ తుడుపే చాలామందికి తిండికంటే పెద్ద బాధ.

పాపను చూసుకునే ఇంకొకరికి అరపేజీ కాగితం ఇచ్చాం: వేళలు, పాల కొలత, అనకూడని నాలుగు మాటలు. అంతకంటే ఎక్కువ రాస్తే ఎవరూ చదవరు.

10వ వారం: అంకెలు

పాలు 400. భోజనం సగటున 22 నిమిషాలు. మూడు రోజుల లెక్క మళ్లీ రాస్తే "ఇంకొక్క ముద్ద" మొత్తం మీద రెండుసార్లు. విరేచనం రోజూ లేదా రోజు విడిచి రోజు. బరువు 11.8, నెలకోసారే చూశాం, అదే తూకం మీద, పొద్దున్నే, బట్టలు లేకుండా. వారం వారం తూస్తే నీళ్ల తేడాయే కనిపిస్తుంది, భయం పెరుగుతుంది, ఆ భయం చెంచాలోకి వస్తుంది. తినే రకాలు (ఇష్టంగా తినేవి 11, అప్పుడప్పుడు తినేవి 12 కలిపి) 23 నుంచి 27కు. కొత్తవి రెండు: క్యారెట్, కాల్చిన చిలగడదుంప. తిరిగి వచ్చిన పాతవి రెండు: గుడ్డు తెల్లసొన, పెరుగు. బీన్స్ 14 సార్లు చూసింది, నాలుకకు తగిలింది మూడుసార్లే, ఇంకా వద్దంటోంది.

ఇప్పటికీ కొన్ని పూటలు రెండు ముద్దలతో లేచిపోతుంది. 1991లో 2 నుంచి 5 ఏళ్ల పిల్లలు 15 మంది తిన్నదంతా ఆరు రోజులు తూచి చూసిన లెక్క ఒకటి గోడ మీద రాసి ఉంది: పూట పూటకూ తేడా సగటున 34 శాతం, రోజు మొత్తానికి చూస్తే 10 శాతమే. అందుకే పూట లెక్క నోట్‌బుక్కులోంచి తీసేశాం, వారం లెక్కే ఉంచాం.

ఈ పద్ధతి సరిపోని పిల్లలున్నారు. కింది వాటిలో ఏదైనా కనిపిస్తే పది వారాలు ఆగకుండా డాక్టరుకు చూపించండి, ఫీడింగ్ థెరపీ (తినడం నేర్పే చికిత్స) గురించి అడగండి: బరువు తగ్గడం, లేదా గ్రోత్ చార్టులో గీత కిందికి జారడం, తినేవి ఇరవై రకాల లోపే ఉండి, మానేసినవి తిరిగి రాకపోవడం, మెత్తనివి మొత్తం లేదా నమిలేవి మొత్తం ఒక గుంపుగా వద్దనడం, ప్రతి భోజనంలో పొలమారడం, దగ్గడం, మింగితే నొప్పి, తిండిని చూస్తేనే వాంతి. ఇవి మారాం కాదు. ఎదుగుదల దెబ్బతినేంతగా తిండిని వద్దనడానికి 2013 నుంచి డాక్టర్లు వాడే మానసిక ఆరోగ్య వర్గీకరణలో ఏఆర్ఎఫ్ఐడీ (తిండిని మితిమీరి తప్పించుకునే రుగ్మత) అని వేరే పేరే ఉంది. మాటలు ఆలస్యంగా వస్తున్నా, పేరు పిలిస్తే పలకకపోయినా ఆ సంగతీ అదే రోజు చెప్పండి.

వచ్చే వారం గురి: బీన్స్. కోత 4 సెంటీమీటర్లు, ఆవిరి 8 నిమిషాలు, క్యారెట్ పక్కనే, బటాణీ గింజంత ఒక్క ముక్క.